కడ్డీ దించే పిల్లాడు

బిడది దగ్గరపడే వరకూ
కారులో ఎవరూ మాట్లాడలేదు.
వెనక సీట్లో ఓజస్ వాంతి చేసుకున్నాడు,
పొద్దున తిన్న ఇడ్లీ మొత్తం.
తుడిచాను. తన్మయి ముక్కు మూసుకుంది.
చంద్రహాస్ స్టీరింగు మీద వేళ్ళతో
సోమవారం రిలీజుకి మిగిలిన పనులు లెక్కపెట్టుకుంటున్నాడు.
నాకు తెలుసు, ఆ తాళం.

ఉన్న రెండు రోజులకి కూర్గు పోరాదా అన్నారంతా,
కాఫీ తోటలు, మంచు, నిశ్శబ్దం అన్నారు.
నిశ్శబ్దంలో నాకు
వాషింగ్ మెషిను ఆగిపోయింది వినిపిస్తుంది.
ఎవరో ఒకరు తీసి ఆరేయాలి కదా అని
వినిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడ నేల మీద పసుపు బాణాలున్నాయి.
ఎటు చూపిస్తే అటే.
బెండకాయా బీరకాయా,
జ్వరమా బడి ఎగ్గొట్టే నాటకమా,
ఈ మెయిలుకి 'సరే' అనాలా 'చూస్తాను' అనాలా,
ఇవాళ ముందు అలిసిపోయే వంతు
నాదా ఆయనదా...
బాణం ఏదీ అడగదు.

లాకరు నంబరు రెండొందల పద్నాలుగు.
ఫోన్లు రెండూ పక్కపక్కన పడుకోబెట్టి తలుపేశాం.
లోపల ఒకటి గుర్రుమంది.
ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం,
నిద్రలో బిడ్డ కదిలితే చూసుకున్నట్టు.
చప్పుడు చేయకుండా వచ్చేశాం.

క్యూ నలభై నిమిషాలు.
అందరూ విసుక్కుంటున్నారు. నాకు మాత్రం
ఏ పనీ చేయకుండా నిలబడటానికి
ఎవరూ తప్పుపట్టలేని కారణం దొరికింది.
పిల్లలు ముందు ఎవరి పిల్లలతోనో కలిసిపోయారు.
ఇనుప కమ్మీకి ఆనుకుని చంద్రహాస్
ఉన్నట్టుండి
హిందూపురంలో అద్దె సైకిలు పోగొట్టిన సంగతి ఎత్తాడు.
పదకొండేళ్ళ కాపురంలో నేను వినని కథ.
గంటకి రూపాయి సైకిలు, ఎర్ర సీటు,
అంతవరకు వచ్చాక క్యూ కదిలింది.

వాంతి చేసుకున్నవాడే ముందు సీటు కావాలన్నాడు.
గోడ మీద గీత కంటే వెంట్రుకవాసి ఎత్తు తేలాడు.
సరే.

నీలం చొక్కా పిల్లాడు, ఇరవై ఉంటాయో లేవో,
మా ఒళ్ళోకి కడ్డీ దించి
గట్టిగా ఒకసారి లాగి చూశాడు.
"ఆయ్తా మేడం? టైటా?"
వాడి పనే అది. రోజుకి ఎన్ని వందలసార్లు అడుగుతాడో.
అయినా
నేను పడిపోతానేమోనని
లాగి చూసిన చెయ్యి.
ఇంట్లో బిగించేవన్నీ నేనే బిగిస్తాను,
నీళ్ళ సీసా మూత, కారు బెల్టు,
గ్యాసు నాబు, రాత్రి గడియ.
మళ్ళీ లేచి, గడియ ఇంకోసారి.
"ఆయ్తు" అన్నాను.
గొంతు ఎందుకో అడ్డం పడింది.

తర్వాత పైకి. చాలా పైకి.
దూరంగా మైసూరు రోడ్డు, చీమల వరసలా లారీలు.
బండి క్షణం ఆగింది
మమ్మల్ని తొయ్యాలా వద్దా అన్నట్టు.

అరిచాను.
హోంవర్కు దగ్గర అరిచే అరుపు కాదు.
అరిచాక వంటింట్లోకి పోయి
కొళాయి విప్పుకుని నిలబడే అరుపు కాదు.
ఎవరి మీదా కాదు.
పక్కన ఆయనా అరుస్తున్నాడు, కళ్ళు మూసుకుని,
బహుశా రిలీజు మీద.
పిల్లలు భయపడలేదు.
"ఇంకా గట్టిగా అమ్మా!"
ముందు సీట్లోంచి.

దిగాక తెర మీద మా ఫోటో.
"ఇది నువ్వేనా?" అంది తన్మయి, కాస్త అనుమానంగా.
మూడొందలట. కొనలేదు.
ఫ్రిజ్ మీద అంటిస్తే
ఆ నోరు తెరిచిన మనిషికి
రోజూ నేను సమాధానం చెప్పుకోవాలి.

సోమవారం.
మణికట్టున నారింజ రంగు కాగితం పట్టీ ఇంకా ఉంది.
కత్తెర చేతికందే దూరంలోనే ఉంది.
దాంతోనే గిన్నెలు తోమాను, నాని అంచులు లేచాయి.
హాల్లో చంద్రహాస్ హెడ్‌ఫోన్లలో
ఎవరికో సారీ చెబుతున్నాడు.

సైకిలు దొరికిందో లేదో ఇంకా చెప్పలేదు.
అడగను.
ఇంకో క్యూ దొరకనీ.