ఈ వేలు నాకొదిలెయ్

మొదటి పాఠానికి ఎల్గుజా తన చెయ్యి నా చేతిలో పెట్టాడు.
ముప్పై ఏళ్లు కుటాయిసి నుంచి జుగ్దిదికి
మినీబస్సు తోలిన చెయ్యి. అరచేతి నిండా స్టీరింగు కాయలు.
వాటితో నాకు పేచీ లేదు.
వేళ్ల కొసలతోనే.
గరుకు కాగితంలా గరగరమంటున్నాయి,
ఆరిన గాటు మీద ఆరని గాటు.

"రోజుకి ఎన్నిసార్లు?" అన్నాను.
"డాక్టరమ్మ నాలుగంది."
"నేనడిగింది నీ లెక్క."
కుర్చీ కిర్రుమంది.
"తొమ్మిది.
లేవగానే. తినే ముందు. తిన్నాక. మెట్లు దిగే ముందు.
రాత్రి, చూపు లేదన్న సంగతి మరిచి
లైటు స్విచ్చి కోసం గోడ తడుముకున్నప్పుడు."

బస్సు తోలే రోజుల్లో నెలకోసారైనా చూసుకునేవాడు కాదట.
అప్పటి బాకీ ఇప్పుడు వడ్డీతో సహా
చుక్క చుక్కగా కడుతున్నాడు.
నేను పుట్టుగుడ్డిని.
ఉన్న కళ్లు పోగొట్టుకున్నవాడితో ఏం మాట్లాడాలో
నాకెవరూ నేర్పలేదు.
అక్షరాలు చెప్పడం వచ్చు, అంతే.

ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని
"ఈ వేలు నాకొదిలెయ్" అన్నాను.
"దీన్ని పొడవకు. దీంతో చదవాలి.
మిగతా తొమ్మిదీ నీ మిషను తాగనీ.
అదీ మధ్యలో కాదు, పక్కగా, గోటి అంచు దగ్గర."
వాళ్లావిడ నాజిబ్రోలా తలుపు దగ్గరే ఉంది,
"అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టుందే!" అని నవ్వి,
నవ్వు చివర ముక్కు చీదుకుంది.

అతని మీటరు మాట్లాడుతుంది. జార్జియన్ రాదు దానికి.
రష్యన్‌లో, రైల్వేస్టేషన్ ఆడగొంతుతో
నూట ఎనభై అంటుంది, రెండొందల పది అంటుంది,
బండి ఆలస్యమని చెప్పినట్టు,
ఎవరికీ క్షమాపణ లేకుండా.

ఆ అంకెలు రాసిపెట్టమని పలకా సూదీ ఇచ్చాను.
కుడి నుంచి ఎడమకి, తిరగేసి పొడవాలి కాగితాన్ని.
ముందు అంకె గుర్తు, తర్వాత చుక్కలు.
"వేలినీ పొడవాలి, కాగితాన్నీ పొడవాలి.
ఇది చదువా లమారా, కుట్టుపనా?"
గొణుగుతూనే రాశాడు.

నెలకి అతని చేతికొచ్చే స్ట్రిప్పుల డబ్బాలు మూడు.
డబ్బాకి యాభై.
నాలుగుసార్లయితే నెల గట్టెక్కేది.
భయానికి నాలుగు చాలవు.

నవంబరు ఇరవై మూడు. బయట వాన.
ఇన్సులిన్ వేసుకుని, సూప్ చల్లారేలోపు
ఒక పేజీ చదువుదామని కూర్చున్నాడు.
ఒకే మాట మూడుసార్లు చదివాడు.
మూడుసార్లూ మూడు రకాలుగా.
తప్పు దిద్దుదామని వేలు పట్టుకున్నాను,
నాకొదిలేసిన వేలు.
చల్లగా ఉంది. తడిగా ఉంది.
కిటికీ అద్దం లారీ వెళ్లినప్పుడు వణికినట్టు వణుకుతోంది.
"నాజిబ్రోలా, జామ్! చెంచాతో! పరిగెత్తు!"

స్టేషన్ ఆడమనిషి ఆ పూట నోరెత్తలేదు.
ఆమె చేతిలో పెట్టడానికి ఇంట్లో ఒక్క టికెట్టు లేదు.

అతను కుదుటపడి, అవమానపడి,
కోటు గుండీలు పెట్టుకుంటున్నప్పుడు
నేను అతని కాగితం తిరగేసి చదివాను.
ఒకటో తారీకు నుంచి పదహారుదాకా
వరస వరసకీ చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి.
పదిహేడున సగం వరస.
ఆ తర్వాత నునుపు.
ఎంత తడిమినా నునుపు.
పట్టుగుడ్డా, చంటిబిడ్డ చెక్కిలీ ఇన్నాళ్లూ ఎంత ముద్దు నాకు!
మొదటిసారి నునుపు తగిలి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇరవై మూడో వరసలో నేనే సూది ఎత్తి పొడిచాను,
అంకె గుర్తు, రెండు,
"చెంచాలు. ఆలూబుఖారా జామ్."
కోటుతోనే కూర్చోబెట్టి చదివించాను.
ఆ వేలితోనే.
నిదానంగా, ఒక్క తప్పు లేకుండా చదివాడు.

పుల్లగా ఉందన్నాడు, జామ్.