అరచేతి మేర

మా అయ్య కర్ర తెప్పకి
పలాస జీడిపిక్కల తొక్క నూనె రాసీవోడు.
అరచేతులు పొక్కిపోయీవి.
తెప్ప మాత్రం పదేళ్లు ఉండీది.

నాది ఫైబర్ పని.
రెజిన్ కలిపి, గాజుపీచు మ్యాటు పరిచి
రోలరుతో గాలిబుడగల్ని సంపుతాను.
ఎన్ని సెంబులు పోసుకున్నా
మెడ మీద గాజునూగు దురద దిగదు.
బందరువానిపేట రేవులో
సగం తెప్పలకి నా సేతి అతుకులే.

గాజు కుళ్లదు, నిజమే.
ఎండకి పైపూత సున్నంలా రాల్తాది.
ఎంట్రుకంత పగులు సాలు,
వత్తి ఎంట నూనె పాకినట్టు
పీచు ఎంట ఉప్పునీరు నడిసిపోతాది.

శ్రీకాకుళం నుంచి గేదెల హైమ వచ్చింది,
సంకలో సిన్న డబ్బా.
"ఇసుక రేణువుని లక్ష ముక్కలు చేస్తే
అందులో ఒక ముక్కంత ఉంటాయి బాబాయ్,
ఇందులో కోట్లున్నాయి" అంది.
డబ్బా ఊపి సెవి దగ్గిర పెట్టుకున్నాను.
ఏటీ ఇనబడనేదు.

మైలపల్లి దానేసు కొత్త తెప్పకి పూసినాం.
ఆరినాక నీళ్లు జల్లితే
అప్పులోడు ఎదురైనట్టు
పక్కకి తప్పుకుని పోనాయి.

తెప్ప దించిన రోజు
దానేసు పెళ్లాం ముగతమ్మ పసుపు రాసింది.
జారిపోనాది.
కుంకం బొట్టెట్టింది. అదీ జారింది.
సెంగుతో తుడిసి మళ్లీ ఎట్టింది.
ముసిలోళ్లు మాటలు ఆపేసినారు.
ఏదీ అంటని తెప్పని
గంగమ్మ మాత్రం ఎలాగంటుకుంటాది?

నేనే గరుకు కాయితం తీసినాను.
ముక్కు మీద అరచేతి మేర గీకీసినాను.
"అయ్యో" అంది హైమ.
పుస్తకంలో రాసుకుంది:
పూత లేని చోటు, ముందు భాగం, ఎడమ వైపు.

ఏడాదికి మళ్లీ వచ్చింది,
అగ్గిపెట్టంత మిషను పట్టుకుని.
తెప్పంతా కొత్తదిలాగుంది.
అడుగున పట్టిన నత్తగుల్లలు
గోనెపట్టాతో తుడిస్తే రాలిపోనాయి.

ఆ అరచేతి దగ్గిర వంగింది.
పీచు తేలి ఉంటాదనుకున్నాం ఇద్దరం.
శుక్రవారం శుక్రవారం ముగతమ్మ మెత్తిన పసుపు,
నూనె, ఉప్పుగాలి, మళ్లీ పసుపు,
అట్టు కట్టి
బొటనేలంత మందం.

బ్లేడుతో కొంచిం గీకింది,
ప్లాస్టిక్ కవర్లో ఏసింది,
తేదీ రాసింది, ఊరు రాసింది.
పదార్థం అన్న దగ్గిర పెన్ను ఆగింది.
"ఏం రాయమంటావు బాబాయ్?"

నాకేటి తెలుసు.
మెడ గోక్కుంటన్నాను.