మధ్యలో నిమిషం

శబ్దం తీసెయ్, అంటాడు అటా సోవా.
అరిచేవాళ్ళకి ఓటు లేదు.
వ్యాఖ్యాతకి అసలే లేదు,
వాడు దెబ్బ పడకముందే పడిందంటాడు.

రిమోటు నొక్కుతాను.
బుకోమ్ సందులో కెంకే ఉడుకుతున్న వాసన,
పక్క జిమ్‌లో ఎవడో పిల్లాడి తాడు టపటప,
గోడ అవతల సముద్రం పెట్టుకునే పాత తగువు.
ఇవి చాలు.

రెండు చిత్తుకాగితాలు, రెండు పెన్సిళ్ళు.
రౌండు ముగిసేదాకా
ఒకరి కాగితం ఒకరు చూడకూడదు.
గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది,
కిందపడితే ఎనిమిది.
సున్నా ఎవరికీ వెయ్యరు.
(బడిలో నాకు లెక్కలు చెప్పినామెకి
ఈ సంగతి తెలిసుంటే బాగుండేది.)

ఎర్ర లాగు మా నాన్న, అయికు.
టేపు అరిగి అరిగి ఆ ఎరుపు
ఇటుకరంగుకి దిగింది.
తెల్ల లాగు పనామా నుంచి ఓడెక్కి వచ్చిన సెర్రానో,
ఎడమచేతి వాటం, నిద్రమొహం.
ఆ రాత్రి బల్ల దగ్గరి ముగ్గురు జడ్జీల్లో
ఈ సోవా ఒకడు.
పదిహేను రౌండ్లు, ఒక్క పాయింటు,
తెల్ల లాగుకి.

తర్వాత ఏడాదిపాటు
రేవులో ఆయనకి ఎవరూ చేప అమ్మలేదు.
నాన్నే కొని, ఆకులో చుట్టి,
వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చేవాడట.
ఎందుకని అడిగితే
ఆయన కూడా తినాలిగా, అనేవాడు.

మొదటి మూడూ చప్పన.
అద్దె ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళలా
ఇద్దరూ మూలలు చూసుకుంటూ తిరుగుతారు.
నాలుగు నాన్నది.
ఐదూ నాన్నదే, ఆ ఎడమ జాబ్
గొళ్ళెం పడ్డట్టు పడుతుంది.
ఆరు ఎటైనా ఇవ్వొచ్చు.

ఏడులో నాన్న మోకాలు నేలకి తగులుతుంది.
జారాడని ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాను.
అక్కడ తడి ఉంది, చూడు,
బకెట్టు ఒలికింది.
వెనక్కి తిప్పు, అన్నాడు సోవా.
తిప్పాను. మళ్ళీ తిప్పాను.
బొమ్మ ఆపితే
నాన్న ఇంకా పడలేదు, నిలబడీ లేడు.
సెర్రానో కుడిచెయ్యి మాత్రం
తిరిగి గడ్డం దగ్గరికి పోతోంది,
ఏదో కాజేసి జేబులో వేసుకున్నట్టు.

దెబ్బ ఉంది.
చిన్నది.
ఉంది.

పది, ఎనిమిది అని రాశాను, తెల్ల లాగుకి.
నా చేతిరాత నాకే ఎవరిదోలా కనిపించింది.
సోవా కాగితం మీద తొమ్మిదే ఉంది.
నా కుర్చీ అటువైపు, అన్నాడు,
రిఫరీ వీపు అడ్డం.
ఆ రోజు చూడనిది ఇవాళ చూసి
దిద్దుకోను.

అంటే ఊరంతా దొంగ అన్న మనిషి
మా నాన్నకి ఒక పాయింటు ఎక్కువే ఇచ్చాడు.

పదకొండులో కరెంటు పోయింది.
చీకట్లోనే చెప్పుకుపోయాడు సోవా:
సెర్రానో కడుపు మీద మూడు,
అయికు పక్కకి, మళ్ళీ పక్కకి,
ఇప్పుడు పట్టుకున్నారు, విడదీశారు.
కళ్ళు మూసుకుని చెప్పాడో
తెరుచుకుని చెప్పాడో నాకు తెలీదు.

కరెంటొచ్చి టేపు తిరిగేసరికి
పదమూడు అయిపోయింది.
ఇక్కడ నేనెప్పుడూ ముందుకి తోసేస్తాను.
రౌండుకి రౌండుకి మధ్య నిమిషాన్ని
ఎవరు చూస్తారు? దానికి మార్కుల్లేవు.
ఇవాళ పెన్సిలు చేతిలో ఉండిపోయి
రిమోటు అందలేదు.

కెమెరా ఊరికే జనంలోకి తిరిగింది.
మూడో వరసలో అమ్మ.
కడుపులో ఏడో నెల నేను.
రింగువైపు చూడటం లేదు.
చెప్పులు విప్పేసి
వాచిన పాదం మీద ఇంకో పాదం వేసి
నెమ్మదిగా రుద్దుకుంటోంది.
పక్కావిడ ఏదో అంది.
నవ్వింది అమ్మ.

ఎవరికిచ్చావ్? అన్నాడు సోవా.
ఇది రౌండు కాదు, అన్నాను.
తెలుసు, అన్నాడు.

గంట కొట్టి ఉంటారు, మాకు వినపడలేదు.
ఎవరో స్టూలు లాగేశారు.
నాన్న లేచి ఉన్నాడు.