గొంతు అద్దెకు

మారతహళ్ళి వంతెన దిగగానే
ఎడమ పక్క మూడో సందు, జెంట్స్ పీజీ,
నాలుగో అంతస్తు, నీళ్ళ ట్యాంకు పక్క గది.
అక్కడ ఉంటుంది నా గొంతు.
నేనూ అక్కడే ఉంటాను గానీ
నన్నడిగి వచ్చేవాళ్ళు తక్కువ.

నా గొంతుకి ఇప్పటికి పదకొండు ఉద్యోగాలొచ్చాయి.
వైట్‌ఫీల్డులో ఆరు, హెబ్బాళ దగ్గర నాలుగు,
ఒకటి పూణేలో. ఆ ఊరు నేను చూళ్ళేదు.
పోయిన దీపావళికి దానికి బోనస్ కూడా పడిందట,
రాజంపేట లోకనాథం మైసూర్‌పాక్ పెట్టె ఇచ్చి
చెప్పి పోయాడు.

పని సులువే.
పిల్లవాడు తెర ముందు పైగుండీ పెట్టుకుని కూచుంటాడు,
కింద లుంగీ.
మంచం అవతల దుప్పటి ముసుగులో నేను.
వాడు పెదాలు కదుపుతాడు, నేను మాట్లాడతాను.
ఫ్యాన్ ఆపేస్తాం.
మా తాలూకాలో తోలుబొమ్మలాటకి ఊరు డబ్బులిచ్చేది,
ఇక్కడ బొమ్మే ఇస్తుంది.

మరి నువ్వెందుకు చేరవు అంటారు.
మూడేళ్ళ గ్యాపు, రెండు బ్యాక్‌లాగులు.
"మీ గురించి చెప్పండి" అంటారు చూడండి,
అక్కడే నాలుక పిడచకట్టుకుపోతుంది.
హ్యాష్‌మ్యాపు గురించి అడగమనండి, తెల్లార్లూ చెప్తా.
అందరికీ శకునం చెప్పిన బల్లి
తాను పోయి కుడితిలో పడిందని మా అవ్వ అనేది.
ఇక్కడ కుడితి లేదు. బెల్లం వేసిన సాంబారుంది.

మొన్న శనివారం నాగవేణి పని.
రాయదుర్గం పిల్ల, ఎదురు సందులో లేడీస్ పీజీ.
ఆడపిల్లకి నా గొంతు పనికిరాదు,
ఫోన్లో, చెవిలో చెప్పడమే. రేటు సగం.
మొదటి ప్రశ్నకి నేను చెప్పిందే చెప్పింది,
పొల్లుపోకుండా. రెండోదానికీ.
మూడోది డెడ్‌లాక్.
పుస్తకంలోని నాలుగు షరతులూ వరసపెట్టి చెప్తున్నా.
అటు నుంచి ఏం లేదు.
బల్ల మీద చిన్నదేదో పెట్టిన చప్పుడు.
ఇయర్‌ఫోను తీసేసింది.

దూరంగా, బిందెలోంచి వచ్చినట్టు ఆమె గొంతు,
వచ్చీరాని ఇంగ్లీషులో:
"డెఫినిషన్ నాకు సరిగ్గా రాదు సార్.
మా పీజీలో జరిగింది చెప్పొచ్చా?
ఒకమ్మాయి దగ్గర బకెట్టు, ఇంకోమ్మాయి దగ్గర మగ్గు.
ముందు నువ్వివ్వంటే నువ్వివ్వని
ఎనిమిదిన్నర దాకా బాత్రూం ముందే ఇద్దరూ.
ట్యాంకరు నీళ్ళయిపోయాయి. ఎవరూ స్నానం చెయ్యలా."

అవతలాయన నవ్వాడు.
పదకొండు ఉద్యోగాల్లో ఒక్కసారి నవ్వు వినలేదు నేను.
"మరెట్లా విడదీస్తావ్?"
"మగ్గు గోడకి కట్టెయ్యాలి సార్... కాదు, ఉండండి...
బకెట్టు దొరికినాకే మగ్గు ముట్టుకోవాలని
అందరికీ ఒకే రూలు పెట్టాలి."
నా నోట్లో నాలుగు షరతులూ
అట్లాగే మిగిలిపోయాయి.

సాయంత్రం బజ్జీల బండి దగ్గరికి వచ్చి
లెక్క కట్టింది, రెండు ప్రశ్నలకే.
చిల్లర కోసం బండాయన్ని కన్నడంలో అడిగింది.
మళ్ళీ ఎప్పుడన్నా.
"బుధవారం. వేరే కంపెనీ. నువ్వొద్దులే" అంది.
కోపంగా కాదు, మిరపకాయ కొరుకుతూ.

ఆ ఉద్యోగం రాలేదు. బుధవారందీ రాలేదట.
ఇంకోదానికి పోతోంది.

ఈ రాత్రి గదిలో ఎవరూ లేరు.
ఫ్యాన్ వేసే ఉంచా.
తెరలో నా ముఖం, పైగుండీ పెట్టుకుని.
నెట్ నీరసంగా ఉంది,
పెదాలకీ మాటకీ అర సెకను తేడా.
నా పేరు ఓబులేసు, అన్నాను.
తర్వాతేం చెప్పాలో
నా చెవిలో ఎవరూ చెప్పడం లేదు.

తలుపు మీద దబదబా.
"అన్నా, బకెట్టు నీ దగ్గరుందా?"
ఉండ్రా,
పేరు దగ్గరున్నా.