ఒక కుర్చీ తక్కువ

పన్నెండు వందల కుర్చీలు.
కాగితం మీద అంతే రాసుంది.
డెన్మార్క్‌లో విప్పాలి, జార్జియాలో బిగించాలి.
వాళ్లకు పాత సామాను, మాకు కొత్త స్టేడియం.
పానాల పెట్టె వేసుకుని
నేనూ గోచా లారీలో బయల్దేరాం.

యుట్లాండ్‌లో ఆ ఊరి పేరుకు
చివరిదాకా నా నోరు తిరగలేదు.
వెళ్లిన రోజే అక్కడ ఆఖరి ఆట.
తెల్లారితే మైదానం మాది,
ఆ సాయంత్రం ఇంకా వాళ్లది.
మేమూ టికెట్ కొనుక్కుని కూర్చున్నాం.

కూర్చున్నాం అంటే నిజంగానే కూర్చున్నాం,
ఎవరి అంకె మీద వాళ్లు.
మోకాళ్ల మీద దుప్పట్లు, కాళ్ల దగ్గర ఫ్లాస్కులు.
గోలు పడితే చప్పట్లు,
అవతలి జట్టు వేసినా మర్యాదకు రెండు.
రిఫరీ తప్పు చేస్తే నా ముందాయన
"అయ్యో" అన్నాడు,
రిఫరీకే దెబ్బ తగిలినట్టు.
ఖాళీ గ్లాసు తిరిగిస్తే డబ్బులిస్తారట,
పిల్లలు గ్లాసులు ఏరడంలో పడి
ఆట వైపే చూడలేదు.
గోచా నా చెవిలో గొణిగాడు:
"ఇది ఆటా, సంతాప సభా?"
నవ్వబోయి,
పక్కావిడ కళ్లు చూసి మింగేశాను.

మర్నాడు ఏడింటికే వచ్చిందావిడ.
పేరు బియెర్తె. చేతిలో సంచి, సంచిలో రొట్టె.
ఏడో వరస, ఇరవై మూడు.
ఒకరి మాట ఒకరికి రాదు.
దుమ్ము మీద వేలితో ముప్పై ఒకటి అని రాసింది.
ఏళ్లో, వయసో, ఎవరి చొక్కా అంకెో,
అడగడానికి నా దగ్గర మాటలు లేవు.
ఖాళీ మైదానానికి ఎదురుగా కూర్చుంది.
అటునుంచి నేను, ఇటునుంచి గోచా
విప్పుకుంటూ వచ్చి
ఆవిడకు చెరోపక్కా ఆగాం.

తుప్పు పట్టిన నట్లు. నూనె పోశాను.
నాలుగు సుత్తి దెబ్బలకు ఊడొచ్చింది.
పీట పట్టుకెళ్లినట్టు చంకన పెట్టుకుని
బస్సెక్కి వెళ్లిపోయింది.
రొట్టె మాకు వదిలేసింది.
పదకొండు వందల తొంభై తొమ్మిది.
గోచా లెక్కలో రాశాడు: పన్నెండు వందలు.

ఇక్కడ, రియోని ఒడ్డున,
మా మెట్ల సందుల్లో గడ్డి మొలుస్తుంది.
స్కోరు బోర్డులో ఎనిమిది ఎప్పుడూ మూడులాగే వెలుగుతుంది.
టికెట్ కొన్నవాళ్ల కంటే
గోడవతల అంజూర చెట్టెక్కిన వాళ్లే ఎక్కువ.
మేయరు గారు రిబ్బను కత్తిరించి
నీలం కుర్చీలో కూర్చున్నారు,
ఫోటో అయ్యాక లేచారు.
ఆ తర్వాత ఎవరూ కూర్చోలేదు.

కుర్చీ ఎక్కి నిలబడతారు మావాళ్లు.
పొద్దుతిరుగుడు గింజల పొట్టు ముందువాడి జుట్టులోకి.
రిఫరీ తల్లినీ, తాతనూ, పుట్టబోయే మనవణ్ణీ
పేరుపేరునా తలుచుకుంటారు.
గోలు పడితే ఎవడో మెడ వాటేసుకుని ముద్దు పెడతాడు,
ఓడితే ఆ మనిషే
నీ దిష్టే తగిలిందంటాడు.
ముప్పై ఏళ్లు నడుములు మోసిన కుర్చీలు
మా కాళ్లకు తట్టుకోలేకపోయాయి,
మొదటి ఆటకే నలభై విరిగాయి.

ఏడో వరసలో ఖాళీ సంగతి ఎవరూ అడగలేదు.
కూర్చోని చోట
కుర్చీ లేదని ఎవరికి తెలుస్తుంది?

రొట్టెల కొట్టు బెకా కనిపెట్టాడు. తొమ్మిదేళ్లుంటాయేమో.
అటు కుర్చీ మీద ఒక చెయ్యి, ఇటు దాని మీద ఒకటి,
బంతి గోలు దగ్గరికి వెళ్లినప్పుడల్లా
రెండు చేతుల మీదా లేచి గాల్లో వేలాడతాడు.
సిమెంటు మీద బొగ్గుతో అంకె కూడా వేసుకున్నాడు.
ఇరవై రెండుకీ ఇరవై నాలుగుకీ మధ్య
ఏం రాయాలో వాడికి తెలుసు.

మొన్న గోచా కొత్త కుర్చీలు తెచ్చాడు,
విరిగినవాటి బదులు.
లెక్కపెట్టాను. నలభై ఒకటి.
మర్చిపోలేదు వెధవ.

నలభై బిగించాక
పదమూడో నంబరు పానా పోయిందన్నాను.
జేబు ఒక పక్కకి లాగుతోంది.