నలభై నిమిషాల ఊరు

నలభై నిమిషాలు మీకు.
పసుపు బస్సు మలుపులో మూడు స్వరాల హారన్ మోగగానే
పొయ్యి తగ్గించి వస్తాను.
ఏప్రన్ జేబులో చర్చి తాళంచెవి:
జానెడు ఇనుము, పసిబిడ్డ చెయ్యంత బరువు.
చెవి అంటారు గానీ
ఇన్నేళ్ళుగా ఏం విన్నదో ఎవరికీ చెప్పదు.

మీ హోటళ్ళున్న ఊళ్ళో కిటికీలన్నీ కొండల వైపు.
ఇక్కడ కిటికీలు పిడికెడు, గోడలు మూరెడు.
కొండను చూసే తీరిక మా పెద్దలకు లేదు,
కొండే వాళ్ళను కనిపెట్టుకుని ఉండేది,
అప్పులవాడిలా.

ముందు ఇళ్ళు చూడండి.
తడి సున్నం మీద మేకుతో గీసిన బొమ్మలు:
సూర్యుడు, దానిమ్మ, రెండు తోకల మత్స్యకన్య.
సముద్రం చూసినవాళ్ళు ఈ వీధిలో అప్పుడెవరూ లేరు.
వెనిస్‌లో మిఠాయి కొట్టు పనికెళ్ళిన ఒకడు
తిరిగొచ్చి చెప్పాడట.
విన్నది విన్నట్టు గీశారు, విననిది తోచినట్టు.
అందుకే ఆవిడ పొలుసులు దేవదారు కాయల్లా ఉంటాయి.
ఫోటోలు తీసుకోండి.
ఆ నీలం తలుపు ముందు బెంచీ మీద మాత్రం కూర్చోకండి,
అది బల్సర్‌ది, కరుస్తాడు.
కుక్క కాదు, బల్సరే.

తల వంచి రండి, ఈ గుమ్మం పొట్టివాళ్ళ కాలంది.
మతం మారిన ఏడాది
ఊరంతా కలిసి పునీతుల మీద సున్నం వేశారు.
ఎంత పదిలంగా వేశారంటే
ఒక్క ముక్కూ చెక్కుకుపోలేదు.
అది కోపం కాదే ఉర్ష్లా, దుప్పటి కప్పడం,
అనేది మా నాన్నమ్మ.
నా పదో ఏట పట్నం నుంచి ఒకావిడ వచ్చి
సన్నకత్తితో రోజుకు అరచేయంత మేర
దుప్పటి తీసింది.
మొదట బయటపడింది ఒక గాడిద చెవి.
ఊరంతా వచ్చి చూసి వెళ్ళాం.

ఇక బయటికి. ఉత్తరపు గోడ.
ఈ నిలువెత్తు మనిషి పునీత క్రిస్టఫర్,
భుజం మీద బిడ్డతో ఏరు దాటుతున్నాడు.
ముఖాన్ని వానలు తీసుకుపోయాయి.
పాదాలు మిగిలాయి, కాలివేళ్ళ మధ్య చేపలు,
ఒక ఎండ్రకాయ.
పొద్దున ఈయన్ని చూసినవాడికి ఆ రోజు చావు లేదని
కనుమ దాటే బండివాళ్ళ నమ్మకం;
దారిలోంచి కనబడాలనే ఇంత పెద్దగా వేశారు.

మా పీడర్ ఇదే బస్సు పద్దెనిమిదేళ్ళు నడిపాడు.
మలుపులో టోపీ సర్దుకుంటూ ఇటో చూపు.
నమ్ముతావా అంటే
"చూస్తే పోయేదేముంది" అనేవాడు.
ఫిబ్రవరిలో ఒకనాడు
గోడ కూడా కనబడనంత మంచు.
బస్సులో ఇంకెవరూ లేరు, అదొకటే మేలు.

ఇది మీ కాగితంలో ఉండదు. నేనూ అందరికీ చెప్పను.
ఆకుపచ్చ స్వెట్టరు పిల్ల అడిగింది కాబట్టి:
"ముఖమే లేదుగా, మనల్ని ఎలా చూస్తాడు?"
చూడాల్సింది నువ్వమ్మా, ఆయన కాదు.

తర్వాత మిమ్మల్ని మంచునది దగ్గరికి తీసుకెళ్తారు.
మా తాత కాలంలో అది ఎక్కడిదాకా ఉండేదో
రాయి మీద అంకె రాసుంటుంది.
అక్కణ్ణుంచి మంచు దాకా నడవడానికి గంట.
ఎండకు కరగకుండా దానిమీద తెల్లగుడ్డలు కప్పుతున్నారు.
కప్పడం మాకు బాగా వచ్చు.
అక్కడ గట్టిగా నవ్వకండి, అంతే.

అదిగో హారన్.
అక్రోటు కేకు కావాలంటే పరుగెత్తాలి,
సీతాకోకచిలుక అయస్కాంతాలైతే కింద కూడా దొరుకుతాయి.

తాళం రెండుసార్లు తిప్పాను.
బార్లీ సూపు అడుగంటుతున్న వాసన వీధి దాకా వచ్చింది.
బస్సు మలుపు తిరుగుతుంటే
వెనకద్దానికి ముక్కు ఆనించి ఆకుపచ్చ స్వెట్టరు.
నాకు చెయ్యి ఊపుతోందనుకున్నాను.
కాదు, మెడ సాచి గోడను వెతుకుతోంది.

అడ్డమున్నానేమోనని
పక్కకు జరిగాను.