ఎడమ చిటికెన వేలు

శుక్రవారం నాలుగున్నరకి
ముషీరాబాద్ చౌరస్తా హోటల్లో
ఫ్యాను తిరగని బల్ల మీద మ్యాచ్ మొదలవుతుంది.
ఉప్పు డబ్బా గోల్‌కీపరు.
చక్కెర గిన్నె ఫుల్‌బ్యాకు.
మిగిలినవాళ్ళు అగ్గిపుల్లలు,
తల కాలినవాళ్ళు చనిపోయినవాళ్ళు.

కరెంటాఫీసులో లైన్‌మన్‌గా దిగిపోయిన పెంటయ్య
గ్రౌండులో ముప్పై ఏళ్ళు జెండా పట్టిన లైన్స్‌మన్.
తన మాటకి ఆఫ్‌సైడు లేదని ఆయన నమ్మకం.
"జిందగీల ఒక్కడే, బొల్లారం మైసయ్య.
కల్లు కుండను ఈగ ఇడుస్తదా?
బాలు వాని కాలు ఇడువకపోయేది."

ఖుద్దూస్ సాబ్ సాసర్లో చాయ్ ఊదుతూ
ఊపిరి సగంలో ఆపుతారు.
"మైసయ్య మంచోడే భాయ్, కాదన్నానా?
మరి మా బార్కస్ జాఫర్?
వానలో, బురదలో, ఉత్త కాళ్ళతో
కలకత్తా బూట్లని నిలబెట్టి నిద్రపుచ్చినోడు!"

రైల్వే టీముకి కిట్లు మోసిన ఆరోగ్యం
బీడీ వెలిగించుకోడు, పట్టుకుంటాడంతే.
"గోలు కొట్టినోని పేరు గోడ మీద రాస్తరు.
ఆనికి బాలు ఇచ్చినోని పేరు యాడ రాసిన్రు?"
దానికి ఎవరూ జవాబు చెప్పరు.
ప్రతివారం అడుగుతాడు కనక.

నేను డిపోలో క్యాష్ కట్టి, సంచీ దించి
నాన్నను కంటి దవాఖానా నుంచి ఇక్కడికి తెస్తాను.
చిన్నప్పటి నుంచీ వింటున్నా.
మైసయ్య ఫ్రీకిక్కు నా మూడో తరగతిలో ఇరవై గజాలు.
నాకు కండక్టరు ఉద్యోగం వచ్చేనాటికి ముప్పై.
ఇప్పుడది జింఖానాలో లేచి
ప్యారడైజు దగ్గర దిగుతోంది.
అంత దూరానికి టికెట్ కొట్టాలి నిజానికి.

ఏ గోలు చెప్పినా, ఎవరు చెప్పినా
చివర్లో ఒకడు తప్పు వైపు దూకుతాడు.
వాడికి పేరుండదు.
"గోలీగాడు అటు, బాలు ఇటు!" అని
చేతులు చరుచుకుంటారు.
ఆ గోలీగాడు
గోడ వైపు కూర్చుని, నల్ల కళ్ళద్దాలతో
బన్ను ముంచుకుంటున్నాడు.

ఈ వారం ఎందుకో నోరు ఆగలేదు.
"నాన్నా, అందరూ నీ మీదనే కొట్టిన్రు కదా,
నువ్వు చెప్పు. ఎవడు గొప్ప?"

బల్ల సద్దుమణిగింది.
నాన్న ఎడమ చెయ్యి ఉప్పు డబ్బా పక్కన పెట్టాడు.
చిటికెన వేలు, తలుపు గొళ్ళెంలా వంకర.
నేను బడికి పట్టుకుని నడిచిన వేలు.
నా పిడికిలి కొలతకే వంచారనుకునేదాన్ని.

"మైసయ్య షాటు! నేను జూసిన!" పెంటయ్య లేచాడు.
"జాఫర్‌ది! సెమీఫైనల్!" సాసరు ఒలికింది.

"మ్యాచుల గాదు," అన్నాడు నాన్న.
"పొద్దుగాల ప్రాక్టీసుల. ఇంకా సున్నం గూడ గియ్యలే.
కవాడిగూడ మిల్లు పోరడు, నైట్ షిఫ్టు దిగి వచ్చిండు.
నెత్తి నిండ దూది.
రెండే దినాలొచ్చిండు. రెండో దినం ఇది.
బాలు నేను జూడలే, వేలుకే తెలుసు.
మూడో దినం వాని షిఫ్టు మారింది."

"పేరు?"
"అడగలే. వేలు పట్టుకోని కూసున్న."

పెంటయ్య లేని జెండా ఎత్తాడు.
"సాక్షి లేడు. లెక్కల రాదు."
ఖుద్దూస్ సాబ్ తలూపారు,
ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఇద్దరిదీ ఒకే మాట.
ఆరోగ్యం మాత్రం డబ్బీలోంచి కొత్త పుల్ల తీసి
బల్ల అంచున పెట్టాడు.
చాయ్ పిల్లాడు గుడ్డ తిప్పాడు, అది ఎటో పోయింది.

ఇవాళ మళ్ళీ శుక్రవారం.
డ్యూటీ దిగడం ఆలస్యమై, నేను వచ్చేసరికి
పెంటయ్య గొంతు రోడ్డు దాకా వినిపిస్తోంది:
"మిల్లు పోరడు ఉండె ఒకడు! నెత్తి నిండ దూది!
నలభై గజాల నుంచి కొట్టిండు,
నా కండ్లతోని జూసిన!"

నాన్న సరిదిద్దలేదు.
సాసరు ఎత్తి తాగుతున్నాడు.
ఆ ఒక్క వేలూ
అంచుకి ఆనకుండా, బయటికి.